స్టెప్పులు ఎక్కడ జారుతున్నాయి? సీఎన్‌సీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు ఒడిశా సరిహద్దు నుంచే వచ్చాయి. గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, సునాబెడ, బరంపురం, కాశీనగర్. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న రౌటర్ కట్టుకుని తలుపుల మీద లతలు చెక్కేవాళ్లు, పాత మిల్లింగ్ మెషీన్‌కు మోటార్లు తగిలించినవాళ్లు, పాలిటెక్నిక్ పిల్లలు. ఇవన్నీ సీఎన్‌సీలు, అంటే కంప్యూటర్ చెప్పినట్టు స్టెప్పర్ మోటార్లు చిన్న చిన్న అడుగులు (స్టెప్పులు) వేస్తూ ఎక్స్, వై (అడ్డం, నిలువు), జెడ్ (పైకి, కిందికి) దిక్కుల్లో కదిలించే మెషీన్లు, బిట్‌ను తిప్పేది స్పిండిల్. అందరూ వాడేది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. చిన్న మెషీన్లకు ఆర్డ్యుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్, కాస్త పెద్దవాటికి లినక్స్ సీఎన్‌సీ. వీటితో ఉన్న సుఖం ఏంటంటే లోపల ఏం జరుగుతోందో దాచుకోకుండా చెప్పేస్తాయి. కానీ అవి చెప్పింది మనం చదవం, ముందు విశాఖపట్నం ఫోన్ చేసి కొత్త డ్రైవర్ (మోటారుకు కరెంటు పంపే బోర్డు) తెప్పిస్తాం! అది మార్చాను, ఇది మార్చాను అని పేజీల కొద్దీ రాసినవాళ్లు కూడా ఎంత కొలిచారో ఒక్క ముక్క రాయలేదు. అందుకే ఈ జవాబుల్లో మల్టీమీటరూ, మిల్లీమీటరులో వందో వంతు కదలికను కూడా ముల్లుతో చూపించే డయల్ గేజీ పదే పదే వస్తాయి, విసుక్కోకండి.

ప్రశ్న: సార్, మాది వడ్రంగం ఇల్లు. నాన్నగారు ద్వారబంధాలు చేస్తారు. వాటి మీద డిజైన్లు తీయడానికి నేను ఆర్డ్యుయినో ఊనో మీద సీఎన్‌సీ షీల్డ్ వి3 (డ్రైవర్లూ స్విచ్చి వైర్లూ తగిలించే పై బోర్డు) పెట్టి రౌటర్ కట్టాను. జీఆర్‌బీఎల్ 1.1 వేశాను. హోమింగ్ (చివరి స్విచ్చి తగిలేదాకా కదిలి తన మొదటి చోటు వెతుక్కోవడం) కొడితే జెడ్ పైకి వెళ్లి, స్విచ్చి నొక్కుకున్నా ఆగదు, మోటారు గరగరమంటుంది, కాసేపటికి అలారం 9 అంటుంది. ఎక్స్, వై వంతు రానే రావడం లేదు. స్విచ్చి మార్చినా అంతే.
(ఒక పాఠకుడు, గుణుపూర్)

జవాబు: స్విచ్చి తప్పేం లేదు, షీల్డ్ మీద అచ్చేసిన పేర్లే పాతవి. జీఆర్‌బీఎల్ 0.8 కాలంలో జెడ్ లిమిట్ (చివరి స్విచ్చి) 11వ పిన్నుకు, స్పిండిల్ ఆన్-ఆఫ్ 12వ పిన్నుకు ఉండేవి, షీల్డ్ దాని ప్రకారం తయారైంది. 0.9 నుంచి స్పిండిల్ వేగాన్ని కూడా ప్రోగ్రాంలోంచే మార్చే వసతి వచ్చింది. దానికి పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ ఎక్కువ తక్కువలు చెప్పే) సిగ్నల్ కావాలి, ఊనోలో అది 11 మీద వస్తుంది, 12 మీద రాదు. అందుకని రెండింటినీ అటూ ఇటూ మార్చేశారు. షీల్డ్ మీద రాత మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి జెడ్ స్విచ్చి వైరును, షీల్డ్ మీద స్పిండిల్ ఎనేబుల్ అని రాసి ఉన్న పిన్నులకు పెట్టండి. అంతే.

పెట్టేశాక వెంటనే హోమింగ్ కొట్టకండి. మోటార్ల పవర్ ఆపి, యూఎస్‌బీ మాత్రం ఉంచి, ప్రశ్నార్థకం (?) పంపండి. స్టేటస్ లైను వస్తుంది. ఇప్పుడు జెడ్ స్విచ్చిని వేలితో నొక్కి పట్టుకుని మళ్లీ పంపితే ఆ లైనులో పీఎన్ అని, పక్కన జెడ్ అక్షరం కనబడాలి. కనబడకపోతే వైరు ఎక్కడో తెగింది లేదా తప్పు పిన్నులో ఉంది. నొక్కకుండానే కనబడుతుంటే మీది నార్మల్లీ క్లోజ్డ్ (నొక్కనప్పుడు కలిసి ఉండే) స్విచ్చి, $5 విలువ మార్చాలి. మోటారు కదలకుండానే సంగతంతా ఇక్కడే తేలిపోతుంది. ఎక్స్, వై వంతు రాకపోవడానికి కారణం వేరే లేదు, బిట్ చెక్కను గీక్కుంటూ పోకుండా జీఆర్‌బీఎల్ ముందు జెడ్‌నే పైకి లేపుతుంది, అది అవ్వందే మిగతావి కదలవు.

అలారం 9కి ఇంకో కారణం కూడా ఉంటుంది, మీది కాకపోయినా చెబుతున్నాను. $132లో రాసిన జెడ్ ప్రయాణ దూరానికి ఒకటిన్నర రెట్లు వెతికి, స్విచ్చి తగలకపోతే అది చేతులెత్తేస్తుంది. మెషీన్ 90 మి.మీ. కదిలేదై ఉండి అక్కడ 40 అని రాస్తే స్విచ్చి దాకా వెళ్లకుండానే అలారం వస్తుంది. ఇక ఒక జాగ్రత్త, పవర్ ఉన్నప్పుడు మోటారు వైర్లు పీకకండి, పెట్టకండి. డ్రైవర్ చిప్పులు ఎక్కువగా అలాగే పోతాయి.

ప్రశ్న: మా ఊళ్లో కొమ్ముతో కొంగలు, నెమళ్లు చేస్తారు కదా, వాటికి కింద పెట్టే చెక్క పీటలు నేను మెషీన్ మీద కొడతాను. పొద్దున్న మొదలుపెట్టిన పీట బాగుంటుంది. గంట గడిచేసరికి ఎక్స్ ఒక పక్కకు దాదాపు మిల్లీమీటరు జరిగిపోతుంది. లినక్స్ సీఎన్‌సీ, పాత కంప్యూటర్ ప్యారలల్ పోర్టు, డీఎం542 డ్రైవర్లు, నీమా 23 మోటార్లు, 1605 బాల్‌స్క్రూ. ఎక్స్ మోటారు మార్చాను, సప్లై 24 నుంచి 36 వోల్టులకు పెంచాను, కప్లర్ బిగించాను. తేడా లేదు. ఇక డ్రైవర్ కూడా మార్చమంటారా?
(పర్లాకిమిడి నుంచి)

జవాబు: వద్దు. ఆ డబ్బు ఉంచుకుని ఒక డయల్ గేజ్, దాన్ని నిలబెట్టే అయస్కాంతం స్టాండు కొనుక్కోండి, లేదా తెలిసిన లేత్ షాపులో ఒక పూటకు అడిగి తెచ్చుకోండి.

కొలత తప్పడం ఎలా పెరుగుతోందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. 100 మి.మీ. కదలమంటే 101, 200 అంటే 202 కదిలితే అది ఒక మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులు అనే లెక్కలో తప్పు. ఎంత దూరం వెళ్లినా ఎన్నిసార్లు తిరిగినా అదే 0.1 తేడా ఉంటే బ్యాక్‌లాష్, అంటే దిశ మారినప్పుడు బయటపడే భాగాల మధ్య వదులు. గంట గడిచేకొద్దీ పెరుగుతూ పోయేదైతే ఏదో జారుతోందన్నమాట, మోటారునూ స్క్రూనూ కలిపే కప్లర్ అయినా జారాలి, బిగించిన చెక్క అయినా జారాలి, లేదా స్టెప్పులే పోవాలి. మీరు కప్లర్ బిగించానన్నారు గానీ జారలేదని ఎలా తెలుసు? మోటారు షాఫ్ట్ మీదా కప్లర్ మీదా కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీయండి, స్క్రూ వైపు ఇంకోటి. గంట తర్వాత గీతలు కలిసే ఉంటే ఆ అనుమానం పోయినట్టే.

స్టెప్పులు పోవడంలోనూ రెండు రకాలున్నాయి. మోటారు మీద బరువు ఎక్కువై పట్టు తప్పిందనుకోండి, అది ఒకటీ అరా స్టెప్పు జారదు, నాలుగు ఫుల్ స్టెప్పుల చొప్పున గెంతుతుంది, ఎందుకంటే కాయిళ్ల చక్రం నాలుగు స్టెప్పులకు ఒకసారి తిరిగి మొదటికొస్తుంది. మీ మోటారు చుట్టుకు 200 స్టెప్పులు, స్క్రూ చుట్టుకు 5 మి.మీ., అంటే ఆ గెంతు 0.1 మి.మీ. లేదా దానికి రెట్లు, చాలాసార్లు టక్కుమని చప్పుడు కూడా వినిపిస్తుంది. బిట్ మొద్దుబారడం, యాక్సిలరేషన్ ఎక్కువ పెట్టడం, స్లైడులో పొట్టు ఇరుక్కోవడం, ఇవి దాని కారణాలు. రెండో రకం చప్పుడు లేకుండా సాగుతుంది, టేబుల్ దిశ మార్చుకున్నప్పుడల్లా ఒకటీ అరా మైక్రోస్టెప్పు (డ్రైవర్ ఒక ఫుల్ స్టెప్పును విడగొట్టిన చిన్న ముక్క) పోతుంది. మీ ఉత్తరం చదివితే నాకు ఇదే అనిపిస్తోంది.

తేల్చుకోవడానికి పరీక్ష ఇది. బిట్ తీసేయండి, స్పిండిల్ ఆపేయండి. గేజ్ ముల్లును టేబుల్‌కు తగిలించి సున్నా చేసి, ఎక్స్‌ను 20 మి.మీ. ముందుకూ వెనక్కూ 500 సార్లు తిప్పే చిన్న జీకోడ్ (మెషీన్‌కు ఇచ్చే ఆజ్ఞల జాబితా) రాయండి. అయ్యాక గేజ్ చూడండి. కోత లేకుండా కూడా జరిగితే చెక్కదీ బిట్‌దీ తప్పు కాదు. ఇప్పుడు యాక్సిలరేషన్ సగానికి తగ్గించి మళ్లీ నడపండి. జరగడం తగ్గితే మోటారు శక్తి చాలడం లేదు. మొదటంతే జరిగితే శక్తికి సంబంధం లేదు, సిగ్నల్ టైమింగ్‌లో తేడా ఉంది. డ్రైవర్ 8 మైక్రోస్టెప్పుల్లో ఉంటే మీ లెక్క 200 ఇంటూ 8 బై 5, అంటే మిల్లీమీటరుకు 320 స్టెప్పులు. ఒక్క మైక్రోస్టెప్పు అంటే 0.003 మి.మీ., ఎవరి కంటికీ ఆనదు. అదే 500 సార్లు పోతే ఒకటిన్నర మిల్లీమీటరు. పూల డిజైన్‌లో టేబుల్ ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతుందో మీకే తెలుసు.

ఇలా ఎందుకవుతుందంటే, డ్రైవర్ పల్స్ లేచేటప్పుడో పడేటప్పుడో ఒక్క అంచునే లెక్కపెట్టుకుంటుంది, ఆ అంచు వచ్చేసరికి దిశ సిగ్నల్ స్థిరపడి ఉండాలి. డీఎం542 రకాలకు దిశ కనీసం 5 మైక్రోసెకన్ల ముందే కుదురుకోవాలి, పల్స్ కనీసం 2.5 మైక్రోసెకన్లు ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఒక అంచు అనుకుంటూ, వైరింగ్ వల్ల డ్రైవర్ రెండో అంచును లెక్కపెడుతుంటే, దిశ మారుతున్న క్షణంలోనే ఒక స్టెప్పు పడుతుంది. డ్రైవర్ లోపలి ఆప్టోకప్లర్ (వైరు తగలకుండా వెలుగుతో సిగ్నల్ దాటించే భాగం) వెలగడానికీ ఆరడానికీ పట్టే సమయం ఒకటి కాదు, అందుకే పోయినప్పటి తప్పూ వచ్చినప్పటి తప్పూ చెల్లుకు చెల్లు కాకుండా ఒక పక్కకే పోగవుతాయి. డ్రైవర్ పల్స్ ప్లస్‌కు 5 వోల్టులు ఇచ్చి మైనస్‌ను పోర్టు వైపు కలిపి ఉంటే సిగ్నల్ తిరగబడుతుంది. అప్పుడు లినక్స్ సీఎన్‌సీ సెట్టింగుల ప్రోగ్రాం స్టెప్‌కాన్ఫ్‌లో ఎక్స్ స్టెప్ పిన్ను పక్కన ఇన్వర్ట్ టిక్ పెట్టాలి. టైమింగ్ గడుల్లో స్టెప్ టైమ్, స్టెప్ స్పేస్ 5000 చొప్పున, డైరెక్షన్ హోల్డ్, సెటప్ 20000 చొప్పున వేయండి, ఇవి నానోసెకన్లు. మళ్లీ అదే 500 సార్లు నడపండి. గేజ్ సున్నా దగ్గరే ఆగితే పని అయిపోయినట్టు, ఇంకా ఎక్కువైతే టిక్ తీసేయండి.

అదీ కాకపోతే పోర్టు పిన్నును ఆన్ చేసి మల్టీమీటర్‌తో కొలవండి. 5 వోల్టుల దగ్గర ఉండాలి. కొన్ని కంప్యూటర్లలో 3.3 మాత్రమే వస్తుంది, దానికి ఆప్టో వెలిగీ వెలగనట్టు ఉంటుంది. బఫర్ చిప్ ఉన్న బ్రేకౌట్ బోర్డు మధ్యలో పెడితే చాలు.

ప్రశ్న: అన్నా, నేను పాలిటెక్నిక్ మెకానికల్ చదువుతున్నాను. నా కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ సీఎన్‌సీ వేస్తే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ రియల్‌టైమ్ డిలే" అని హెచ్చరిక వస్తోంది. కాలేజీలో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్‌లో రావడం లేదు. ఇదేం విడ్డూరం?
(జయపురం నుంచి)

జవాబు: విడ్డూరం ఏం లేదు తమ్ముడూ. కంప్యూటర్ ఎంత వేగమైనదని కాదు, ఠంచనుగా చెప్పిన క్షణానికి పని చేస్తుందా లేదా అన్నది ఇక్కడ కావాలి. ప్యారలల్ పోర్టు మీద స్టెప్పులు పుట్టించాలంటే ప్రాసెసర్ 25 నుంచి 50 మైక్రోసెకన్లకు ఒకసారి తప్పకుండా ఆ పని వైపు తిరగాలి. మామూలు కంప్యూటర్ పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమంటే మధ్యలో ఫోన్ మోగిందని లేచి వెళ్లే మనిషి లాంటిది. రియల్‌టైమ్ కెర్నల్ (ఠంచనుగా పనిచేసేలా మార్చిన లినక్స్ మూల భాగం) ఆ అలవాటు మాన్పిస్తుంది. కానీ ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ, ఫ్యాను, వేడి చూసుకోవడానికి మదర్‌బోర్డు లోపలే ఒక ఏర్పాటు ఉంటుంది, అది లినక్స్‌కు చెప్పకుండానే ప్రాసెసర్‌ను కాసేపు లాక్కుంటుంది. దాన్ని ఏ కెర్నలూ ఆపలేదు.

ఎంత ఆలస్యమవుతోందో కొలిచే లేటెన్సీ టెస్ట్ అని లినక్స్ సీఎన్‌సీలోనే ఉంది. దాన్ని నడుపుతూ విండోలు అటూ ఇటూ లాగు, పెద్ద ఫైళ్లు కాపీ చెయ్యి, పాటలు పెట్టు, ఎంత ఇబ్బంది పెట్టగలిగితే అంత పెట్టు. ఖాళీగా ఉంచి తీసిన అంకెకు విలువ లేదు. వచ్చిన పెద్ద అంకె 15 నుంచి 20 మైక్రోసెకన్ల లోపు ఉంటే బంగారం, 30 నుంచి 50 అయితే నడుస్తుంది గానీ వేగం కొంచెం తగ్గించుకోవాలి, 100 దాటితే ప్యారలల్ పోర్టు ఆలోచన మానుకో. నానోసెకన్లలో చూపిస్తుంది, 20000 అని కనబడితే కంగారు పడకు, అది 20 మైక్రోసెకన్లే. బయోస్‌లో హైపర్‌థ్రెడింగ్, పవర్ సేవింగ్, సీ-స్టేట్స్ ఆపేస్తే చాలా మెషీన్లలో అంకె బాగా దిగుతుంది.

యూఎస్‌బీ నుంచి ప్యారలల్ చేసే వైరు కొనకు, దానితో లినక్స్ సీఎన్‌సీ స్టెప్పులు పంపలేదు. ల్యాప్‌టాపే వాడాలని పట్టుదలగా ఉంటే మీసా వంటి ఈథర్‌నెట్ కార్డు దారి ఉంది, స్టెప్పులు పుట్టించే పని ఆ కార్డే చేసుకుంటుంది, కంప్యూటర్ మిల్లీసెకనుకు ఒకసారి పలకరిస్తే చాలు. అయినా కాలేజీ వాళ్లు ఇస్తానంటే ఆ మూలనున్న డెస్క్‌టాప్‌ను వదలకు. ఈ సాఫ్ట్‌వేర్ పుట్టిందే అలాంటి మెషీన్ల కాలంలో, 1990ల్లో అమెరికా ప్రభుత్వ కొలమానాల సంస్థ నిస్ట్‌లో ఈఎంసీ అనే పేరుతో మొదలైంది, తర్వాత ఔత్సాహికుల చేతికొచ్చి ఈ పేరు పెట్టుకుంది.

ప్రశ్న: స్పిండిల్ ఆన్ చేయకుండా ఎంతసేపు తిప్పినా మెషీన్ బాగుంటుంది. ఆన్ చేశానా, అయిదు నిమిషాల్లో అలారం 1 అని ఆగిపోతుంది. ఒక్కోసారి యూఎస్‌బీ కూడా డిస్‌కనెక్ట్ అయిపోతుంది. 2.2 కిలోవాట్ల స్పిండిల్, వీఎఫ్‌డీ, జీఆర్‌బీఎల్. తెలిసినాయన $21=0 పెట్టేయమన్నారు. పెడితే అలారం రావడం లేదు. ఇలా వదిలేయవచ్చా?
(రాయగడ నుంచి)

జవాబు: వదిలేయకూడదు. $21 సున్నా అంటే హార్డ్ లిమిట్లు పనిచేయవు, టేబుల్ చివరికి వెళ్లి కొట్టుకున్నా ఎవరూ ఆపరు. అలారం మాయమైంది గానీ దాన్ని పుట్టించిన నాయిస్ అలాగే ఉంది, యూఎస్‌బీ ఊడిపోవడం దానికి సాక్ష్యం. ఈ సలహా ఎవరిస్తారో గానీ ఊరూరా వినబడుతోంది!

వీఎఫ్‌డీ అంటే స్పిండిల్ వేగం మార్చే డ్రైవ్, అది కరెంటును సెకనుకు వేలసార్లు తుంచి స్పిండిల్‌కు పంపుతుంది, ఆ కేబుల్ పక్కనున్న ప్రతి వైరులోకీ నాయిస్ చిమ్ముతుంది. ఊనో లోపల లిమిట్ పిన్నును పట్టి ఉంచే రెసిస్టర్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు, అది చాలా బలహీనమైన పట్టు. మీటరు పొడవు స్విచ్చి వైరు స్పిండిల్ కేబుల్ పక్కనే డ్రాగ్ చైన్‌లో (వైర్లను మోసుకుంటూ కదిలే గొలుసు తొట్టి) పోతుంటే ఆ పిన్ను మోసపోక ఏం చేస్తుంది.

ముందు నాయిస్ ఏ దారిన వస్తోందో చూడండి. $21ని మళ్లీ 1 చేసి, లిమిట్ వైర్లను షీల్డ్ దగ్గరే పీకేసి స్పిండిల్ నడపండి (స్విచ్చిలు నార్మల్లీ క్లోజ్డ్ రకమైతే ఆ పిన్నులను గ్రౌండుకు చిన్న జంపర్‌తో కలపాలి). అలారం ఆగిపోతే దారి స్విచ్చి వైర్లు. అప్పటికీ యూఎస్‌బీ ఊడుతుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. అప్పుడు ఆగితే ఛార్జర్, మెయిన్స్, ఎర్త్ మీదుగా తిరుగుతోంది. పైసా ఖర్చు లేని పరీక్షలివి.

స్విచ్చి వైర్ల దారైతే నార్మల్లీ క్లోజ్డ్ స్విచ్చిలు వాడండి, ఊనో దగ్గర ప్రతి లిమిట్ పిన్నుకూ 5 వోల్టుల వైపు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, గ్రౌండు వైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఇంకా గట్టిగా కావాలంటే స్విచ్చిలను 12 లేదా 24 వోల్టుల మీద నడిపి ఆప్టోకప్లర్ ద్వారా ఊనోకు ఇవ్వండి. స్పిండిల్‌కు నాలుగు కోర్ల షీల్డెడ్ కేబుల్ వేయండి, కేబుల్ పైనున్న లోహపు షీల్డును (ఊనో మీది షీల్డ్ కాదు) వీఎఫ్‌డీ దగ్గర ఎర్త్‌కు బిగించండి, నాలుగో కోరు స్పిండిల్ బాడీకి. కొన్ని స్పిండిళ్లలో ప్లగ్గులోని నాలుగో పిన్ను లోపల దేనికీ కలిపి ఉండదు, మల్టీమీటర్‌తో బాడీకి తగిలించి చూసుకోండి.

ఇవన్నీ చేసినా ఇంట్లో ఎర్త్ లేకపోతే షీల్డు పట్టిన నాయిస్ ఎక్కడికి పోతుంది? రాతి నేలల్లో, అందులోనూ ఎండాకాలంలో, ఎర్త్ గుంట ఎండిపోయి పేరుకే ఉంటుంది. బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోసే పని చేయించి, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, సాకెట్లో ఎర్త్‌ను న్యూట్రల్‌తో కలిపేసి అదే ఎర్త్ అనేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజు మెషీన్ బాడీ మొత్తం షాక్ కొడుతుంది.

ప్రశ్న: పని లేకుండా ఊరికే ఆన్‌లో ఉంచినా స్టెప్పర్ మోటార్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. టెన్షన్‌గా ఉంది, కాలిపోతాయా?
(బరంపురం నుంచి)

జవాబు: కాలిపోవు. స్టెప్పర్ నిలబడి ఉన్నా కరెంటు తాగుతూనే ఉంటుంది. 60 డిగ్రీలకే మన చెయ్యి వెనక్కొచ్చేస్తుంది, దానికి 80 దాకా పెద్ద ఇబ్బంది లేదు. డ్రైవర్ మీద కరెంటు స్విచ్చిలు మోటారు ప్లేటు మీద రాసినదానికి మించి లేవని చూసుకోండి. డీఎం542 అయితే నాలుగో స్విచ్చి ఆఫ్‌లో పెడితే ఆగి ఉన్నప్పుడు కరెంటు సగమవుతుంది. మోటారు బ్రాకెట్ పీఎల్ఏ ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేసిందైతే మాత్రం టెన్షన్ పడాల్సిందే, అది 60 దగ్గరే మెత్తబడి వంగుతుంది.

ప్రశ్న: నేను ఫ్యాక్టరీలో మిల్లింగ్ చేసి రిటైరయ్యాను. కాలక్షేపానికి పాత బెంచ్ మిల్లుకు లినక్స్ సీఎన్‌సీ పెట్టాను. 60 మి.మీ. గుండ్రం కొడితే నాలుగు దిక్కులా నాలుగు చిన్న మెట్లు పడుతున్నాయి. పైగా ఎక్స్ వైపు 60, వై వైపు 59.85. సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లాష్ అంకె వేస్తే పోతుందని మా అబ్బాయి అంటాడు. నాకు నమ్మకం కుదరడం లేదు.
(సునాబెడ నుంచి)

జవాబు: మీ అనుమానం సరైనదే గురువుగారూ. ఆ నాలుగు చోట్లే ఒక్కో యాక్సిస్ దిశ మార్చుకుంటుంది, మెట్టు పడిందంటే అక్కడ ప్లే ఉన్నట్టే. లినక్స్ సీఎన్‌సీ సెట్టింగులుండే ఇనీ ఫైల్లో జాయింట్ కింద బ్యాక్‌లాష్ అని రాసుకునే వీలుంది, దిశ మారినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీ అంత దూరం గబుక్కున అదనంగా తిప్పుతుంది. దానికోసం స్టెప్‌జెన్ (స్టెప్పులు పుట్టించే భాగం) యాక్సిలరేషన్‌ను మామూలు యాక్సిలరేషన్‌కు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెట్టాలి, లేకపోతే ఫాలోయింగ్ ఎర్రర్ (చెప్పిన చోటుకు వెనకబడ్డాను) అంటుంది. (జీఆర్‌బీఎల్‌లో ఈ వసతే లేదు.) కానీ ఆ అంకె స్క్రూను తిప్పగలదే తప్ప టేబుల్‌ను పట్టుకోలేదు. క్లైంబ్ మిల్లింగ్‌లో కట్టర్ టేబుల్‌ను తన వైపు గుంజుకుంటే ఆ ఖాళీ ఏం చేస్తుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

కాబట్టి ముందు ప్లే ఎక్కడుందో పట్టుకోండి. ఒక గేజ్ టేబుల్‌కు, ఇంకోటి స్క్రూ చివరి ముఖానికి పెట్టి టేబుల్‌ను చేత్తో అటూ ఇటూ నెట్టండి. స్క్రూ చివర కూడా కదిలితే ప్లే థ్రస్ట్ బేరింగులో ఉంది, నట్టులో కాదు. చాలామంది ఈ ఒక్క పరీక్ష చేయక బంగారం లాంటి నట్టు మార్చేస్తుంటారు.

59.85 సంగతి వేరుగా చూడాలి. 30 మి.మీ. గుండ్రం ఒకటి కొట్టి కొలవండి. అక్కడా 0.15 తక్కువే ఉంటే అదీ బ్యాక్‌లాషే. సగానికి తగ్గి 0.07, 0.08 ఉంటే వై స్టెప్పుల లెక్క సరిచేయాలి. ఎక్స్, వైలతో పాటు రెండు మూలల దిక్కుల్లో కూడా కొలవండి, తేడా ఆ 45 డిగ్రీల దగ్గర ఎక్కువగా కనబడితే మీ ఎక్స్, వై ఒకదానికొకటి మూలమట్టంగా లేవు, అది స్క్రూడ్రైవర్ పనే, కీబోర్డు పని కాదు. అబ్బాయికి బ్యాక్‌లాష్ అంకె వేయనివ్వండి, కాకపోతే బేరింగు బిగించి, గిబ్బులు (స్లైడు వదులు సర్దే పలకలు) సర్దాక మిగిలిన కొద్దిపాటికి.

ప్రశ్న: మా ఆయనా నేనూ కలిసి ఇంటి ముందు పెట్టే నేమ్‌ప్లేట్లు చెక్కుతాం. జీఆర్‌బీఎల్ మెషీన్. వానాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మూడు గంటల పని చివర్లో ఆగిపోతే టేకు చెక్క పారేసుకోవాల్సిందేనా అండీ? యూపీఎస్ పెడితే సరిపోతుందా?
(ఒక సోదరి, కాశీనగర్)

జవాబు: పారేయనక్కర్లేదమ్మా, అయితే రెండు ఏర్పాట్లు కరెంటు పోకముందే ఉండాలి. హోమింగ్ స్విచ్చిలు ఉండాలి, చెక్క మీద సున్నా (పని మొదలయ్యే చోటు) జీ54 అనే ఖాతాలో దాచి ఉండాలి. జీ10 ఎల్20 పీ1తో పెట్టిన సున్నా ఊనో మెమరీలో నిలుస్తుంది, జీ92తో పెట్టిన సున్నా కరెంటుతో పాటే పోతుంది. మీరు కంప్యూటర్ నుంచి ఊనోకు జీకోడ్ పంపడానికి వాడే సెండర్ ప్రోగ్రాం ఏది పంపుతోందో ఒకసారి చూసుకోండి.

కరెంటు వచ్చాక చెక్క బిగింపును ముట్టుకోకండి. మెషీన్ లాక్ అయి ఉంటుంది, డాలర్ ఎక్స్ ($X) ఆజ్ఞతో ఆ లాక్ తీసి జెడ్‌ను మాత్రం పైకి లేపి, హోమింగ్ చేసి, జీ54 సున్నా దగ్గరికి పంపి బిట్ పాత చోటికే వచ్చిందో లేదో చూడండి. తర్వాత జీకోడ్ ఫైలు కాపీ తీసుకుని, ఆగిన చోటుకు కొన్ని లైన్ల ముందు నుంచి ఉంచి పైవన్నీ తీసేయండి. తీసేసిన భాగంలోనే మిల్లీమీటర్లు అని చెప్పే జీ21, జీ90, స్పిండిల్ ఆన్ చేసే ఎం3, వేగం, ఫీడ్ అన్నీ ఉంటాయి, వాటిని మళ్లీ పైన రాయాలి, బిట్ పైన ఉండగానే ఎక్స్, వై చోటికి వెళ్లే లైను కూడా. సెండర్‌లో "ఈ లైను నుంచి మొదలుపెట్టు" అనే బటన్ ఉన్నా, అది ఇవన్నీ కలుపుతుందని నమ్మకండి, మొదటిసారి చెక్కకు పైన గాలిలో నడిపి చూడండి.

యూపీఎస్ విషయంలో జాగ్రత్త. కంప్యూటర్‌కూ ఊనోకూ మాత్రమే పెడితే మోటార్లకు కరెంటు ఉండదు, ఊనో మాత్రం స్టెప్పులు పంపుతూనే ఉంటుంది, టేబుల్ కదలకుండానే లెక్క ముందుకు పోతుంది. మోటార్లకూ పెడితే ఇంకా ఘోరం, ఆగిపోయిన స్పిండిల్‌ను టేబుల్ తోసుకుంటూ పోయి బిట్ విరిచేస్తుంది. ఊనోకూ డ్రైవర్లకూ యూపీఎస్ ఇచ్చి, దానితో పాటు ఒక రిలే పెట్టండి. 230 వోల్టుల కాయిల్ ఉన్న రిలేను నేరుగా మెయిన్స్‌కు కలిపి, దాని నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టును ఊనోలో ఏ1 పిన్నుకూ గ్రౌండుకూ మధ్య వేయాలి. ఏ1 జీఆర్‌బీఎల్‌లో ఫీడ్ హోల్డ్ (కదలికను తాత్కాలికంగా ఆపే) పిన్ను, షీల్డ్ మీద హోల్డ్ అని రాసి ఉంటుంది. కరెంటు పోగానే రిలే వదులుతుంది, కాంటాక్టు కలుస్తుంది, టేబుల్ స్టెప్పులు పోకుండా మెల్లగా ఆగుతుంది. $1 విలువ 255 ఉండాలి, లేకపోతే ఆగాక మోటార్లు పట్టు వదిలేస్తాయి, స్పిండిల్ బరువుకు జెడ్ కిందికి దిగవచ్చు. కరెంటు వచ్చాక అది తనంతట తాను మొదలవదు, స్పిండిల్ పూర్తి వేగం అందుకున్నాక మీరే సైకిల్ స్టార్ట్ నొక్కాలి.

రిలే కాయిల్ వైపు 230 వోల్టులు ఉంటాయి కాబట్టి ఆ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించి ప్లాస్టిక్ డబ్బాలో మూయించండి. ఏ1కి వెళ్లే వైరు స్పిండిల్ కేబుల్‌కు దూరంగా లాగండి, దానికీ ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి, లేదంటే కరెంటు ఉండగానే మధ్యమధ్యలో హోల్డ్ అయి ఆగుతుంటుంది.